మిరప చేతులతో రత్నం కాళ్ళు

మంగళవారం రాత్రి, మార్చి 1984

ఈ రోజు కూడా చెల్లెలు రత్నం కాళ్ళు సరిగ్గా పట్టలేకపోయాను. క్యాన్సర్ ఎముకల్లోకి పాకింది, ఇక చేసేదేమీ లేదని గుంటూరు డాక్టరు ఇంటికి పంపేశాడు. కొబ్బరినూనె రాసి మెల్లగా నిమరమని, గట్టిగా నొక్కొద్దని ఆసుపత్రి నర్సమ్మ చేసి చూపించింది. ఇప్పుడు దానికున్న సుఖం అదొక్కటే.

మబ్బు పట్టిందని పొద్దుటి నుంచి కల్లంలో మిరపకాయల తొడిమలు తీశాను. సాయంత్రం చేతులు సబ్బుతో కడిగాను, మజ్జిగతోనూ రుద్దాను. ఘాటు పోయిందనుకుని దాని పాదం మీద చెయ్యి వేశానో లేదో, "అమ్మో, మంట!" అని కేక పెట్టింది. దాని మొగుడు, మా మరిది, పరుగెత్తుకొచ్చి, "ఏంది వదినా, ఉన్న నొప్పి చాలదా?" అని కసిరాడు. ఆయన మాత్రం దాని కాలు ముట్టుకోడు. రుద్దితే జబ్బు ఒళ్ళంతా పాకుతుందని భయం. నర్సమ్మ కాదన్నా ఆ భయం నాకూ పూర్తిగా పోలేదు.

నూనెగుడ్డతో పాదం తుడిచి, ఈసారి అరచెయ్యి తగలకుండా మోచేతి కిందిభాగంతో నిమిరాను.

"ఏందే అక్కా, అప్పడాలు ఒత్తుతున్నావా?" అని నవ్వింది రత్నం.

"నోరు మూసుకుని పడుకో" అన్నాను. నిజంగానే నిద్రపోయింది.

రేపు కల్లానికి రానని మరిదితో తెగేసి చెప్పాను. "కాయ తడిస్తే రంగు పోద్ది వదినా, ఎవరు కొంటారు?" అన్నాడు. పోతే పోనీ. మిరప వచ్చే ఏడూ కాస్తుంది. కాళ్ళు పట్టవే అక్కా అని అప్పుడు నన్ను అడగడానికి...