కిటికీ కింద నూనె వాసన

మార్చి 21, గురువారం
మధ్యాహ్నం మసీదులో ప్రసంగిస్తూ గొంతు చించుకున్నాను. గురువారాలు నూనె కాచి పిండి వేయిస్తే ఆ వాసనతో పోయినవాళ్ల కడుపు నిండుతుందని ఊళ్లోవాళ్ల నమ్మకం. ఖురాన్‌లో ఎక్కడుందో చూపించమన్నాను. 
ఇంటికొస్తే మా అమ్మే బాణలి పెట్టి బోర్సోక్ పిండిముక్కలు వేయిస్తోంది. జనవరిలో పోయిన నా భార్య కానిషాయ్ కోసమట. బాణలి తీసుకెళ్లి మంచులో బోర్లించాను. కూతురు సైకాల్ గుమ్మంలో నిలబడి చూసింది. 

మార్చి 30
ఇఫ్తార్‌కు సైకాల్ ఒక ఖర్జూరం, గ్లాసు నీళ్లతో సరిపెడుతోంది. తెల్లవారుజామున సహరీకి లేపితే ముందే తిన్నానంటుంది. పదహారేళ్లకే ఈ నిగ్రహం! ఈ రోజు ప్రసంగంలో దాని పేరు చెప్పాను. మా నరిన్ ఊళ్లోని ఆడపిల్లలంతా దాన్ని చూసి నేర్చుకోవాలన్నాను.

ఏప్రిల్ 10, పండగ
ఈ ఒక్కరోజు ఉపవాసం నిషిద్ధమని సైకాల్‌కు చెప్పాను. మాంసం ముక్క నోట్లో పెట్టుకుని పెరట్లోకి వెళ్లింది. కాసేపటికి మా కుక్క మూతి నాక్కుంటూ వచ్చింది.

ఏప్రిల్ 25
పండగ అయిపోయి పదిహేను రోజులైంది. ఇప్పుడు సోమ, గురువారాల ఉపవాసమంటోంది. నేను నేర్పిన మాటలే నాకు అప్పజెబుతోంది. స్నానాలగది నిండా దాని జుట్టు ఉండలు.
అమ్మ నిలదీసింది. "దానికి భక్తి ముదరలేదురా, ఆకలి చచ్చిపోయింది. నీ ఉపన్యాసాలు ఆపి ఒక్కసారి దాని చేతులు చూడు."
చూశాను. ఎముకల మీద చర్మమే మిగిలింది. 'మీ చేతులారా మిమ్మల్ని మీరు నాశనంలో పడేసుకోకండి' అన్న ఖురాన్ ఆయత్ చదివాను. 'మేలు చేయండి' అంటూ మిగతాది అదే పూర్తి చేసి, అటు తిరిగి పడుకుంది.

మే 11
సైకాల్ స్కూల్లో పడిపోయింది. హాస్పిటల్‌లో చేర్చాం. ఇది ఉపవాసం కాదు, జబ్బేనంది డాక్టర్. గుండె మెల్లగా కొట్టుకుంటోందట, ఇలాగే ఉంటే ఆగిపోవచ్చట.
తిట్టాను. బతిమాలాను. ఆయత్ మీద ఆయత్ చదివాను. చివరికి, ఎందుకమ్మా తినవు అని అడిగాను. ఇన్నాళ్లలో అదే మొదటిసారి.
గోడవైపు చూస్తూ చెప్పింది. "కేన్సరొచ్చాక అమ్మ ముద్ద మింగలేదు. ఆకలితోనే పోయింది నాన్నా. వాసనైనా అందుతుందేమోనని నానమ్మ వేయిస్తే, అదీ మంచులో పారేశావు. అమ్మకు లేనిది నాకెలా దిగుతుంది?"


మే 12
నేను చెప్పింది తప్పు కాదు. గ్రంథంలో లేదు. ఇప్పటికీ లేదు.

మే 14
ముక్కులో గొట్టం వేశారు. పీకేసింది. మళ్లీ వేశారు. చేతులు కట్టమంటారా అని నర్సు నన్నడిగింది. 'అల్లాహ్ మీకు సులువు కోరతాడు, కష్టం కోరడు.' ఈ మాట ఎన్ని వందలమందికి అరిచి చెప్పానో. 

మే 16, గురువారం
అమ్మ పిండి కలిపి ఇచ్చింది. హాస్పిటల్ పెరట్లో, సైకాల్ కిటికీ కింద స్టవ్ పెట్టి నూనె కాచాను. మసీదువాళ్లు ఇద్దరు చూసి ఆగారు. ఖురాన్‌లో ఎక్కడుందో చూపించమన్నారు. వేయిస్తూ కూర్చున్నాను.
కిటికీ తెరుచుకుంది. చెయ్యి బయటికొచ్చి, నేను పైకెత్తిన పళ్లెంలోంచి రెండు తీసుకుంది. మొదటిది అమ్మకంటూ కిటికీ గట్టు మీద పెట్టింది. రెండోది కొరికిన చప్పుడు విన్నాను.
మింగిందో లేదో. నేను తలెత్తలేదు.