విదేశీ అతిథికి పిన్ని కుట్టిన గౌను

పిన్నికి నమస్కారాలు.

నీకు ఎదురుగా ‘కుదరదు’ అని చెప్పడానికి నాకు నోరు రాదు. అందుకే ఉత్తరం. శుక్రవారం జరగాల్సిన నీ కంటి ఆపరేషను వాయిదా పడింది. పరాయి దేశం నుంచి ఒకావిడ వచ్చింది. పాపం, వాళ్ల దేశంలో ఈ ఆపరేషను చేసే డాక్టర్లే లేరట. మా ఆసుపత్రిలో విదేశీ రోగుల విభాగం చూసేది నేనే కదా, కాదనలేకపోయాను.

నీ అక్క కూతురు

తా.క. డాక్టరుగారికి ఫోను చెయ్యకు. ఆయన ఫోను పాడైంది.

*

బంగారుతల్లికి పిన్ని ఆశీస్సులు.

డాక్టరే లేని దేశమా! ఎంత లేనివాళ్లో, కట్టుకోను బట్టలైనా ఉన్నాయో లేదో. ముప్ఫయ్యేళ్ల టైలరుని, చూపు ఆనకపోతేనేం? పక్కింటావిడ సూదిలో దారం ఎక్కించింది, ఓ గౌను కుట్టి పంపుతున్నాను. ఆవిడ కొలతలు తెలియక నావే పెట్టాను.

మీ పిన్ని

తా.క. డాక్టరుగారికి ఫోనుకీ గతిలేదా? ఆయనకి చందాలు పోగుచెయ్యనా?

*

పిన్నీ, నమస్కారాలు.

ఆవిడ లేనిది కాదు. విమానంలో వచ్చింది, ఏసీ గదిలో ఉంది. దయచేసి ఇంకేం కుట్టకు. మరో ముగ్గురొచ్చారు, నీది ఇంకో రెండు నెలలు జరిగింది.

నీ అక్క కూతురు

తా.క. ఏమీ అనుకోకు.

*

తల్లీ, ఆశీస్సులు.

విమానంలోనా! ఊరంతా చందాలేసుకుని పంపుంటారు. ఆ ముగ్గురికీ కుట్టేశాను. వేలికి మూడుసార్లు సూది దిగింది, అదే మానుతుంది.

మీ పిన్ని

తా.క. ఒకదానికి చెయ్యి దూరే దారి ఎక్కడ పెట్టానో కనబడలేదు. వాళ్లనే వెతుక్కోమను.

*

పిన్నీ,

చెయ్యి దూరే దారి కనబడని ఆ గౌను వేసుకుని ఒకావిడ వరండా అంతా తిరిగింది. ఒక చెయ్యి లోపలే ఉండిపోయింది. ఇక్కడి ఫ్యాషను అదే అనుకుంది. చూసినవాళ్లంతా మాకూ కావాలన్నారు. డైరెక్టరుగారు నన్ను పిలిచి, నలభై కుట్టించమన్నారు.

“కుట్టేవిడకి చూపు ఆనడం లేదండీ,” అన్నాను.

“అయితే సోమవారమే ఆపరేషను చేయించెయ్యండి!”

నేను మళ్లీ తేలేకపోయిన తేదీ, నలభై గౌన్లు ఒక్క నిమిషంలో తెచ్చాయి.

సోమవారం తొమ్మిదింటికల్లా రా. వాళ్ల దేశంలో బోలెడుమంది డాక్టర్లున్నారు పిన్నీ. ఇక్కడైతే చవకని వస్తారు. ఆ శుక్రవారం జాబితాలో పన్నెండు పేర్లున్నాయి. ఒక చోటు ఖాళీ చెయ్యమన్నారంతే, ఎవరిదో చెప్పలేదు. నీ పేరు కొట్టేసింది నేనే. నీ మొహం ఎలా చూడను?

నీ అక్క కూతురు

తా.క. అయినవాళ్లని వెనకేసుకొచ్చానంటారన్న భయంతో కొట్టేశానో, నువ్వైతే ఏమీ అనవన్న ధీమాతో కొట్టేశానో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.