వాడి భుజానికి కోసిన తుపాకీ

ప్రియమైన ఇంటి మహారాణికి,

బతికే ఉన్నాను, కంగారు పడకు. ఓడిపోయిన మన సైన్యం గెలిచినవాళ్ల పక్షాన చేరింది కదా, మనం పడేసిన తుపాకులే వాళ్లు పెట్టెల్లో తిరిగి పంపుతున్నారు. ఇక నిన్నటి మిత్రుల మీదకి వెళ్లాలట. తుప్పు గీకి, నూనె రాసి ఇవ్వడం నా పని. పేరు పిలిస్తే మనిషి వచ్చి తన తుపాకీ తీసుకుంటాడు. గోడౌను నిండా జనమున్నా నా ఆకురాయి చప్పుడు తప్ప ఏమీ వినపడదు.

ఒక పెట్టెలో మన అబ్బాయి తుపాకీ దొరికింది. వాడి చేతులు పొట్టివని వెనక చెక్క నేనే కోసి తగ్గించాను, పోల్చుకోలేనా? వాడి జాడ మాత్రం లేదు. ఎవరూ తీసుకోకపోతే పారిపోయాడని వెతికి కాల్చేస్తారు.

నీ తుప్పుగీకుడు మొగుడు

ప్రియమైన మీకు,

చదివాక దీన్ని పొయ్యిలో పడేయండి. మనవాడు ఇంటికొచ్చాడు. గుమ్మం బయట తడిసి నిలబడి ఉన్నాడు. వెనక గదిలో దాచాను. తిండి ముట్టడు, మాట్లాడడు, గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఎన్నిసార్లు మార్చినా వాడి బట్టలు తడిగానే ఉంటున్నాయి. ఇంట్లో ఉన్నాడు, అదే పదివేలు. వాడు చనిపోయాడని మీ అధికారికి చెప్పేయండి. కన్నతండ్రి నోట ఆ మాట రావడం కష్టమే. అయినా అనండి.

మీ ఇల్లాలు

ప్రియమైన నీకు,

చెబుదామనే వెళ్లాను. నోరు తెరిచేలోపే వాడి పేరు పిలిచారు. వరసలోంచి వాడే వచ్చాడు. తుపాకీ ఇచ్చాను. భుజానికి అతికినట్టు సరిపోయింది. వాడి వేళ్లు వెచ్చగానే ఉన్నాయి. "నాన్నా, ఈసారి ఎవర్ని కాల్చాలి?" అని మామూలుగా అడిగాడు. పారిపోయినవాళ్లను వెతికే లారీ ఎక్కించారు.

నీ దగ్గరున్నది ఎవరు? భయంగా ఉంది.

నీవాడు

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం రాకముందే లోపలివాడు లేచి కూర్చుని, నాన్న నా తుపాకీ ఎవరికో ఇచ్చేశాడమ్మా అన్నాడు.

పొద్దున లారీ మన వీధికి వచ్చింది. అప్పటినుంచి ఒకడు తలుపు తడుతున్నాడు. విరగ్గొట్టడు, వెళ్లిపోడు. "అమ్మా, తలుపు తియ్యి" అంటాడు. "అమ్మా, తియ్యొద్దు" అంటాడు లోపలివాడు. గొంతు ఒకటే. ఇద్దరూ నన్ను చిన్నప్పుడు పిలిచినట్టే పిలుస్తున్నారు.

ఎవర్ని కాదనను? నడవలో కూర్చుని ఇద్దరికీ పలుకుతున్నాను.

మీ ఇల్లాలు