కొత్తవని ఆపిన పాత చొక్కాలు

గిద్దలూరు, 12-1-1934

చెల్లెలు రత్తమ్మకు దీవెనలు. అమ్మాయి, పసివాడు క్షేమం. ముందు ఇద్దరు బిడ్డలూ దక్కలేదు కనుక, వీడికి నీ కొడుకు తొడుక్కుని విడిచిన చొక్కాలే తొలి బట్టలు కావాలని అడిగాం కదా. కొలంబో నుంచి నువ్వు పంపిన పార్సెలును సుంకం వాళ్లు కొత్త పట్టుబట్టల కింద రాసి ఆపారు.

"ఇస్త్రీ చేసి, పట్టు రిబ్బన్లు కుట్టి పంపితే పాతవని ఎట్ల నమ్ముతారమ్మా?" అన్నాడు పోస్టుమాస్టరు.

సుంకం కట్టి తెస్తానంటే వియ్యపురాలు వద్దంటోంది. "కొత్తవని సర్కారే రాసినాక ఏందొదినా, అవి బిడ్డకెట్ల తొడిగేది?"

చలి తగ్గలేదు. పసివాడు ఇంకా నా చీర ముక్కలోనే ఉన్నాడు. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? పార్సెలు మీద ‘వాడిన బట్ట’ అని మరిదిగారి చేత ఇంగ్లీషులో రాయించు. మీ వాడి ఒంటిమీది చొక్కా విప్పి, ఉతకకుండా పాలచారలతోనే పంపు. పెద్దదైనా మడిచి తొడుగుతాం.

వాడు చల్లగా ఉండాలి.

అక్క ఓబులమ్మ