దుమ్ము పుస్తకం

జూన్ 2, సోమవారం

ఒళ్ళు హూనమైంది. నెలలో మొదటి సోమవారం అంటే లైబ్రరీలో బోర్డు మార్చే రోజు. గుమ్మం పక్కనే ఉంటుంది, "ఈ నెల ఇవి చదవండి" అని. స్టాఫ్ అందరం తలా ఒక పుస్తకం గురించి కార్డు రాసి అంటించాలి. నవలల వాళ్ళకేం, ప్రేమ అనో హత్య అనో రాస్తే జనం ఎగబడతారు. నా నెత్తిన నాన్-ఫిక్షన్ పడింది. నత్తల గురించో మురుగుకాల్వల గురించో ఎంత మంచి పుస్తకమైనా ఊరించి చెబితే తప్ప ఎవరూ ముట్టరు. మా పెద్దాయన, అంటే హెడ్ లైబ్రేరియన్, పెట్టిన రూల్ ఒక్కటే. చివరి పేజీ దాకా చదివినవాళ్ళే కార్డు రాయాలి.

ఈ నెల నేనేమీ చదవలేదు. బావ పోయినప్పటి నుంచి ఏ పుస్తకం తెరిచినా కళ్ళు లైన్ల మీద నడుస్తాయి, బుర్రలోకి ఏమీ పోదు. కార్డేదమ్మా అని పెద్దాయన వచ్చి నెత్తిన నిలబడ్డాడు. ఏదో ఒకటి రాసి పడేశాను. దుమ్ము గురించిన పుస్తకం.

జూన్ 3, మంగళవారం

ఆ పుస్తకం నేను చదవలేదు. విన్నాను. మార్చిలో బావ తీసుకెళ్ళాడు. లిఫ్టులు రిపేరు చేసే మనిషి, లిఫ్టు కింది గోతిలోకి దిగితే ఒంటినిండా దుమ్మే, అందుకని పేరు చూసి ముచ్చటపడ్డాడు. ఒక్కో చాప్టర్ అవగానే ఫోన్. ఏమోయ్ మరదలా, జీతం నీకు, చదువు నాకా, ఇదెక్కడి న్యాయం అని ఎత్తిపొడిచేవాడు. ఎడారి దుమ్ము గాలికి లేచి సముద్రాలు దాటి ఎక్కడో అడవులకు ఎరువవుతుందని చెప్పాడు. తోకచుక్క తోకలో ఉండేది దుమ్మేనని చెప్పాడు. సగం పుస్తకం అలా విన్నాను. ఏప్రిల్‌లో పనిలో ఉండగానే గుండె ఆగిపోయింది. మిగతా సగంలో ఏముందో నాకు తెలియదు.

కార్డు మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది. అన్నీ బావ మాటలే కదా.

జూన్ 4, బుధవారం. మధ్యాహ్నం

కొంప మునిగింది. వీధి చివర కళ్ళజోళ్ళ షాపాయన వచ్చి ఆ పుస్తకం కావాలన్నాడు. పొద్దస్తమానం అద్దాల మీద దుమ్ము తుడుచుకునేవాణ్ణి, శత్రువు సంగతి నాకు తెలియొద్దా అన్నాడు. షెల్ఫ్ దగ్గరికి వెళ్తే ఖాళీ. ఎందుకుంటుంది? మాకున్నది ఒకటే కాపీ. అది అక్క మంచం పక్కన స్టూలు మీద ఉంది, బావ పెట్టినచోటే. ప్రతి ఆదివారం వెళ్ళి చూస్తూనే ఉన్నాను. లేని పుస్తకాన్ని చదవండి బాబూ అని గుమ్మంలో అంటించి కూర్చున్నాను. నా బుద్ధి గడ్డి తినడానికి వెళ్ళిందేమో.

ఆయన రిజర్వ్ చేసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, చివరిదాకా ఈ కార్డులో ఉన్నంత బాగుంటుందా అని అడిగాడు. రెండో సగం ఇంకా బాగుంటుందన్నాను.

జూన్ 6, శుక్రవారం

ఇంకో ఇద్దరు రిజర్వ్ చేశారు. నా సర్వీసులో ఇంత హిట్ కార్డు లేదు.

జూన్ 8, ఆదివారం

అక్క ఇంటికి వెళ్ళాను. అమ్మ ఏప్రిల్ నుంచి అక్కడే ఉంటోంది. తలుపు తీస్తూనే మొదలుపెట్టింది. అక్క ఇల్లంతా ఊడవనిస్తుందట, తను పడుకునే గదిలోకి మాత్రం చీపురు పోనివ్వదట. చిన్నప్పటి నుంచీ ఆయాసం ఉన్న పిల్ల, గది శుభ్రంగా పెట్టుకోమ్మా అని డాక్టర్ మొత్తుకుంటుంటే ఇది దుమ్ములో పడుకుని పిల్లికూతలు కూస్తోందే అని ఏడ్చింది.

గదిలోకి వెళ్తే నాకే తుమ్ములు. అద్దం మసకబారింది. స్టూలు, కిటికీ ఊచలు, బావ వాచీ, అన్నిటి మీదా పల్చగా ఒకే రంగు. అక్క మంచం మీద కూర్చుని ఊపిరి లెక్కపెట్టుకుంటున్నట్టుంది. పుస్తకం అడిగాను. కావాలంటే ఇక్కడ కూర్చుని చదువుకో, బయటికి తీసుకెళ్ళకు అంది. బతిమాలుతోందో బెదిరిస్తోందో తెలియలేదు.

జూన్ 10, మంగళవారం

డ్యూటీ దిగి, రెండు బస్సులు మారి, అక్క మంచం పక్కన కుర్చీలో చదివాను. కాళ్ళు పీకుతున్నాయి. విన్నదంతా మళ్ళీ చదువుతుంటే ప్రతి లైనూ బావ గొంతుతోనే వినిపిస్తోంది.

జూన్ 11, బుధవారం

ఇవాళ బస్ టికెట్ దగ్గరికి చేరాను. పేజీ గుర్తుకి బావ పెట్టుకున్న టికెట్. ఆ చాప్టర్ ఇంటి దుమ్ము గురించి. ఇంట్లో ఎవరుంటే వాళ్ళ ఒంటి మీది చర్మం కనిపించకుండా రాలి ఆ దుమ్ములో చేరుతుందట. మనుషులు వెళ్ళాక కూడా కొన్నాళ్ళు ఆ గదిలో ఉంటారు అని రాశాడు రచయిత. అక్కడ టికెట్ ఉంది.

తలెత్తి చూస్తే అక్క నావైపే చూస్తోంది. ఈ పేజీ బావ ఆమెకి చదివి వినిపించే ఉంటాడు. నాకే ఫోన్ చేసి చెప్పేవాడు, పక్కనున్న మనిషికి చెప్పడా? చీపురు ఎందుకు పోనివ్వడంలేదో ఇన్నాళ్ళకు తెలిసింది.

జూన్ 12, గురువారం

తర్వాతి చాప్టర్ చదివాను. చదవకపోయినా బాగుండేది. అందులో ఆ రచయితే తన మాట సవరించుకున్నాడు. అందరూ అనుకునేంత కాదట, ఇంటి దుమ్ములో మనిషి వాటా తక్కువేనట. ఎక్కువ భాగం బయటి మట్టి, చెప్పులతో వచ్చింది, కిటికీలోంచి వచ్చింది, బట్టల పీచు, రోడ్డు.

అంటే అక్క ఊపిరి ఆడక కాపలా కాస్తున్నది రోడ్డు మట్టికి.

ఇన్నేళ్ళుగా నా ఉద్యోగమే ఫలానా పుస్తకం చదవండి అని చెప్పడం. ముక్కూ మొహం తెలియనివాళ్ళకి చెబుతాను. సొంత అక్కకి, ఒక్క చాప్టర్ ముందుకెళ్ళు అని చెప్పడానికి నోరు రాలేదు. చెప్పకపోతే ఊపిరికి ముప్పు, చెబితే ఆ మిగిలింది కూడా లాక్కున్నట్టు. బస్సులో ఏడుపొచ్చింది. ఏడ్చాను.

జూన్ 13, శుక్రవారం

అమ్మ ఫోన్. సోమవారం అక్క చెకప్‌కి వెళ్తుందట, ఆ గంటలో అమ్మ గది కడిగేస్తుందట. తిడితే తిట్టనీ, కూతురు బతికుంటే చాలు అంది.

జూన్ 14, శనివారం

చెప్పేశాను. తడబడుతూ, లైబ్రరీలో చెప్పినట్టే, తర్వాతి చాప్టర్ కూడా చాలా బాగుంటుందక్కా అని మొదలుపెట్టాను. సిగ్గేసింది.

అక్క ఆపింది. ఆయన పోయిన మొదటి వారంలోనే చదివేశానే అంది. చివరిదాకా చదివాను, టికెట్ మాత్రం మీ బావ ఆపినచోటే మళ్ళీ పెట్టాను అంది. మరి ఎందుకక్కా అన్నాను. తక్కువ అని రాశాడు, లేదని రాయలేదుగా అంది.

తర్వాత తనే, ఈ పుస్తకం కోసం ఎవరైనా అడుగుతున్నారా అంది. కార్డు సంగతి, కళ్ళజోళ్ళాయన శత్రువు సంగతి చెప్పాను. నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గుతూనే, చదవకుండా రాశావా దొంగమొహమా అంది.

జూన్ 16, సోమవారం

సెలవు పెట్టి వెళ్ళాను. అక్క ఆటో ఎక్కి వీధి మలుపు తిరగ్గానే అమ్మ బకెట్‌తో లేచింది. గుమ్మానికి అడ్డం నిలబడి టికెట్ ఉన్న ఆ పేజీ చదివి వినిపించాను. తర్వాతి చాప్టర్ సంగతీ, అక్క అన్న మాటా చెప్పాను. అమ్మ తడిగుడ్డ పిండి బకెట్ అంచుమీద ఆరేసింది. గడప మీద కూలబడి, మరి దానికి ఊపిరాడేదెట్లానే అంది. ఆ ప్రశ్నకి మా సెక్షన్‌లో పుస్తకం లేదు.

అక్క తిరిగొచ్చి బకెట్ మీద ఆరిపోయిన గుడ్డ చూసింది, గడప మీద అమ్మని చూసింది. చెప్పులు విప్పి వచ్చి అమ్మ పక్కన కూర్చుంది.

జూన్ 19, గురువారం

పెద్దాయన అడిగాడు, మీ బావగారి పేరు మీద ఇంకా ఒక పుస్తకం ఉందేంటమ్మా అని. తెస్తానన్నాను. ఎప్పుడని అడగలేదు, మంచివాడు.

జూన్ 22, ఆదివారం

నేను వెళ్ళేసరికి గది తుడిచేసి ఉంది. అక్కే ముక్కుకి చున్నీ చుట్టుకుని, పొద్దున్నే, ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వకుండా చేసిందట. ఎత్తిన దుమ్మంతా బాల్కనీలో బావ పెంచిన కుండీలో పోసి పైన మట్టి కప్పిందని అమ్మ చెప్పింది. ఎడారి నుంచి అడవికి పోతే లేనిది, గది నుంచి కుండీకి పోతే తప్పేంటి అందట. అక్క నిద్రపోతోంది. పిల్లికూతలు తగ్గలేదు, డాక్టర్ కొంత టైం పడుతుందన్నాడు. స్టూలు మీది పుస్తకాన్ని మాత్రం తుడవలేదు. తీసుకెళ్ళమని చెప్పి పడుకుందట.

టికెట్ తీసి అక్క దిండు పక్కన పెట్టాను.

జూన్ 23, సోమవారం

కళ్ళజోళ్ళాయన వచ్చాడు. పుస్తకం చేతికిచ్చాను. అట్ట మీద దుమ్ము చూసి, అలవాటు కొద్దీ జేబులోంచి అద్దాల గుడ్డ తీశాడు. వద్దన్నాను. ఎందుకన్నాడు. చదవండి, సగంలో మాత్రం ఆపకండి అన్నాను.