ఐదో కోటలో ఎడమ గోడ

11 ఏప్రిల్ 1988

ఆయన వెళ్ళి మూడు రోజులైంది. ఈ డైరీ ఆయన కంపెనీది. ఇందులో శుక్రవారాలు ఎర్రగా, ఆదివారాలు నల్లగా ఉన్నాయి. షార్జాలో సెలవు శుక్రవారమట. నాకు రెండూ ఒకటే.

పది నెలలు అక్కడ, రెండు నెలలు ఇక్కడ. ఆ రెండు నెలల్లో నాతో కూర్చుని మాట్లాడిన రోజులు లెక్కపెడదామంటే ఒక చెయ్యి చాలు. మిగతావన్నీ టీవీ గేమ్ తినేసింది. ఈసారి కలర్ టీవీతో పాటు దాన్నీ మోసుకొచ్చాడు. ఆయన, ఆయన చిన్ననాటి దోస్తు బస్వరాజ్ అన్న (బస్టాండు దగ్గర సైకిల్ దుకాణం ఆయనది) పొద్దున టిఫిన్ కాగానే చాప మీద చేరేవాళ్ళు. నేను చాయ్ పెట్టి తెచ్చేదాన్ని. గ్లాసు కింద పెట్టినా చూసేవాళ్ళు కాదు.

అందులో కోటల ఆట ఒకటుంది. ఎనిమిది కోటలు. ఈయన ఐదో కోట దాటలేక దాటలేక వెళ్ళిపోయాడు. బొంబాయి బస్సు ఎక్కుతూ బస్వరాజ్ అన్నతో "ఐదో కోట సంగతి మళ్లొచ్చినప్పుడు చూస్త" అన్నాడు. నాతో "అమ్మను మంచిగ చూస్కో" అన్నాడు.

30 ఏప్రిల్

క్యాసెట్ వచ్చింది. ఆయన ఉత్తరాలు రాయడు. టేప్‌రికార్డర్ ముందు మాట్లాడి ఎవరైనా వచ్చే వాళ్ళ చేతికిచ్చి పంపుతాడు. ముందు గదిలో అందరం కూర్చుని వింటాం. మొదట అత్తమ్మకు, తర్వాత బస్వరాజ్‌కు. బస్వరాజ్ అన్న తన వంతు వినడానికి దుకాణం మూసి మరీ వస్తాడు.

మనోరమ అన్న నా పేరు ఎప్పుడొస్తుందా అని చివరిదాకా చూశాను. చివర అత్తమ్మతో "టీవీ గేమును వారానికొక్కసారి నడిపియ్యమను, లేకుంటే నెమ్ము పడ్తది" అన్నాడు. ఆ "మను" అన్నది నన్ను. గంట క్యాసెట్‌లో నా వాటా అంతే.

6 మే, మధ్యాహ్నం

నడిపించాను. తుడిచి, వైర్లు పెట్టి, స్విచ్ వేశాను. ఊరికే చూస్తూ కూర్చోవడం ఎందుకని రిమోటు పట్టుకున్నాను. మూడు ప్రాణాలు ఇచ్చారు. మూడూ నిమిషంలో పోయాయి. నవ్వాను. నేను పైకి నవ్వి ఎన్నాళ్ళైందో, అత్తమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది.

19 మే

ట్యాంకుల ఆట అయిపోయింది. నా అభిప్రాయం రాసుకుంటాను, అడిగేవాళ్ళు ఎలాగూ లేరు.

మధ్యలో ఒక జెండా ఉంటుంది. చుట్టూ ఇటుకలు. నలువైపుల నుంచి ట్యాంకులు వస్తాయి. మనం దాన్ని కాపాడాలి. ఆ జెండా మనకోసం ఏమీ చేయదు, కదలదు, మాట్లాడదు. అయినా అది పోతే ఆట పోయినట్టే. ఇరవై రంగాలు కాపాడాక మళ్ళీ మొదటి రంగం వచ్చింది. చాలా బాగా తీశారు. తీసినవాడికి పెళ్ళై ఉంటుంది.

2 జూన్

కరెంటు లేదు. వేళ్ళు ఊరుకోవడం లేదు.

14 జూన్

గుడ్ల ఆట. పైన నాలుగు కోళ్ళు గుడ్లు పెడుతూ ఉంటాయి. కింద బుట్ట పట్టుకుని అటూ ఇటూ పరుగెత్తాలి. దీనికి ముగింపు లేదు, వేగం పెరగడం తప్ప. ఈ రోజు అంకె తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందలు దాటింది. దాటగానే సున్నా అయింది! నేను ఇంత సేపూ పట్టిన గుడ్లన్నీ ఏమయ్యాయని అడగడానికి ఎవరూ లేరు. ఇంటి చాకిరి కూడా ఇంతే, కాకపోతే దానికి అంకెలు కూడా కనబడవు.

అత్తమ్మ కందులు ఏరుతూ నా వెనకే కూర్చుంటోంది. మొదట "గిదేం పిచ్చే నీకు, చిన్న పోరగాండ్ల లెక్క" అని తిట్టింది. వారం తిరిగేసరికి "గా నల్ల కోడి వెట్టింది సూడు, ఉరుకు ఉరుకు" అని అరుస్తోంది. నిజం చెప్పొద్దూ, ఈ ఇంటికొచ్చిన నాలుగేళ్ళలో మేమిద్దరం ఇంత దగ్గరగా కూర్చున్నది ఇప్పుడే.

3 జులై, మధ్యాహ్నం 3

ఐదో కోట!

ఆయన ఐదో కోటలో ఎందుకు చచ్చిపోయేవాడో తెలిసింది. అక్కడ కుడివైపు మంట గుండాలు వరుసగా ఉంటాయి. ఆయన వాటిని ఎగిరి దాటాలని చూసేవాడు. బస్వరాజ్ అన్న కూడా అంతే. ఎంత ఎగిరినా ఆరోది దాటలేరు. నేనూ పది రోజులు అలాగే చచ్చాను.

ఈ రోజు అత్తమ్మ పాలు పొంగుతున్నాయని కేక వేసింది. ఉలిక్కిపడ్డాను, రిమోటు మీద ఎడమ బటన్ నొక్కుకుపోయింది. మనిషి వెళ్ళి ఎడమ గోడకు కొట్టుకుంటాడనుకున్నాను. గోడలోంచి లోపలికి వెళ్ళిపోయాడు. అది గోడ కాదు. గోడ లాగా రంగు వేశారు. వెనక దారి ఉంది. మంటలన్నీ అవతలే ఉండిపోయాయి.

రెండు నెలలు ఇద్దరు మగవాళ్ళు ఒక్కసారైనా ఎడమకు తిరిగి చూడలేదు. పాలు పొంగిపోయాయి, పోనీ.

20 జులై

కోటల ఆట అయిపోయింది. ఎనిమిది కోటలూ. నలభై నిమిషాలు.

ఎనిమిదో కోటలో ఒక రాణి ఉంది. ఆమె కోసమే ఇదంతా. తాళం ఊడింది, ఆమె బయటికి వచ్చింది, మన మనిషి పక్కన నిలబడింది. ఏవో జపాను అక్షరాలు వచ్చాయి. ఏం రాశారో తెలియదు. ఆమెకు మాత్రం మాట లేదు, అక్షరాలన్నీ ఆ మనిషి నెత్తి మీదే ఉన్నాయి. కాసేపటికి తెర నల్లబడి మళ్ళీ మొదటి కోట వచ్చింది. అంటే ఆమెను మళ్ళీ ఎత్తుకుపోయినట్టే కదా. పాపం.

సరిగ్గా ఆ అక్షరాలు వచ్చినప్పుడే బస్వరాజ్ అన్న వచ్చాడు. గాలికి యాంటెన్నా తిరిగిపోయిందని అత్తమ్మే కబురు పెట్టింది. తెర చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఎవరు ఆడారని అడిగాడు. అత్తమ్మ తల ఎగరేసి "మా కోడలే" అంది. "ఊకో అమ్మా, మిషిన్ ఖరాబైంది గావచ్చు, దానంతల అదే ఆడుతున్నది" అని నవ్వి, యాంటెన్నా తిప్పి, నీళ్ళైనా తాగకుండా వెళ్ళిపోయాడు.

నమ్మకపోతే పోనీ. ఒక్క మనిషి నమ్మితే నాకు చాలు. ఆయనకు చెప్పాలి. ఈసారి ఆయన బస్వరాజ్‌తో మాట్లాడినట్టు నాతోనూ మాట్లాడతాడు. ఎట్ల దాటినవ్ అని అడుగుతాడు. ఎడమ గోడ సంగతి ఇక్కడ చెప్పను. ఎదురుగా కూర్చోబెట్టి చూపిస్తాను.

24 జులై

కోహీర్ ఊరి ప్రకాశం షార్జాకు తిరిగి వెళ్తున్నాడు, ఆయన కంపెనీలోనే పని. క్యాసెట్ తీసుకెళ్తానని వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. అలవాటు ప్రకారం అత్తమ్మ మొదట మాట్లాడింది. వాన సంగతి, మోకాళ్ళ సంగతి, పక్కింటి బర్రె ఈనిన సంగతి. కోడలి వంతు ఎప్పుడూ ఆఖరే. టేపు సన్నబడ్డాక "జర నువ్వు గూడ మాట్లాడు" అని నా ముందుకు జరిపింది.

నేను అన్నది ఇది: "కోటల ఆట అయిపోయింది. ఎనిమిదో కోట దాక. మొన్న బస్వరాజన్న ఇంటికొచ్చి..." టక్కున బటన్ ఎగిరింది. టేపు అయిపోయింది.

బస్వరాజ్ అన్న ఇంటికొచ్చి చూసి నమ్మలేదు, నేనే ఆడాను అని చెప్పాలనుకున్నాను. రెండో పక్క తిప్పుదామన్నాను. రెండో పక్క మా పుట్టినూరు ఝరాసంగంలోని సంగమేశ్వరుని భజన ఉందట, కొడుకు కోసం అత్తమ్మ పట్టించింది. "దేవుని మీదికెళ్ళి మాట్లాడుతమా" అని చెంపలు వేసుకుంది. మొదటి పక్క వెనక్కి తిప్పి మాట్లాడదామంటే బర్రె ఈనిన సంగతి పోతుంది. ప్రకాశం బస్సు టైమైందని క్యాసెట్ లాక్కుపోయాడు.

పోనీలే. అయిపోయింది అన్న మాటైతే వెళ్ళింది.

9 సెప్టెంబర్

డైరీలో ఎర్ర రోజు.

క్యాసెట్ వచ్చింది. ఎప్పటిలాగే కూర్చున్నాం. బస్వరాజ్ అన్న, ఆయన భార్య అనంతమ్మ కూడా వచ్చారు. నేను ఈసారి కొంగుతో మొహం తుడుచుకుని మరీ కూర్చున్నాను, సిగ్గు లేకపోతే సరి.

ఆయన గొంతు మామూలుగానే మొదలైంది. తర్వాత, "కోటల ఆట బస్వరాజ్ పూర్తి జేసిండట. నేను లేని ఇంట్ల వానికేం పని? అమ్మా, నువ్వు పండుకున్నంక వస్తున్నడా? మనోరమ దాసుకోకుంట చెప్పింది, గంతవరకు మంచిదే. డబ్బాకు తాళమెయ్యి. నేనొచ్చినంక తేలుస్త. తేలకుంటే ఆమెను ఝరాసంగం తోలిస్త" అన్నాడు.

ఎవరూ టేపు ఆపలేదు. బస్వరాజ్ అన్న లేచి చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. అనంతమ్మ నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయలేను. టేపులో ఆయన వాన పడిందా అని అడుగుతూనే ఉన్నాడు.

ఆడింది నేను, పేరు బస్వరాజ్‌ది, నింద నాది. సొమ్మొకడిది సోకొకడిది అంటారు కానీ ఇక్కడ సోకు కూడా ఎవరికీ దక్కలేదు.

10 సెప్టెంబర్

అత్తమ్మకు అన్నీ తెలుసు. ప్రతి మధ్యాహ్నం నా వెనకే ఉంది. ఆ మాటే కొడుకుకు చెప్పమన్నాను, కాళ్ళు పట్టుకున్నాను. చాలా సేపు కందులు ఏరింది. చివరికి "నాకేం ఎర్క బిడ్డా, నేను పండుకున్న" అంది. కోడలిని పనిపాటలు లేకుండా ఆడుకోనిచ్చావా అని కొడుకు తిడతాడని భయం. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నేను కప్పనో పామునో తెలియదు, ఆమె మాత్రం నోరు మూసుకుంది.

అయినా నన్ను ఇప్పుడే పుట్టింటికి పంపదట. రొట్టెలెవరు చేస్తారు?

8 నవంబర్

గేమ్ డబ్బా ఇనప పెట్టెలో ఉంది. తాళంచెవి అత్తమ్మ మొలలో ఉంది. నేను రొట్టెలు కొడుతూ ఆడుతున్నాను. రెండో కోటలో మూడు ఎగుర్లు, నాలుగో కోటలో ఆగి, రెండు అంకెలు లెక్కపెట్టి, ఒక ఎగురు. అన్నీ గుర్తున్నాయి. ఆయన రాగానే ఎదురుగా కూర్చుని ఎనిమిది కోటలూ ఆడేస్తాను. దానికంటే సాక్ష్యం ఏముంటుంది?

అనంతమ్మ బావి దగ్గర నన్ను చూసి బిందె తీసుకుని వెళ్ళిపోయింది.

12 ఫిబ్రవరి 1989

డైరీ అయిపోయింది. వెనక టెలిఫోన్ నంబర్లు రాసుకునే పేజీల్లో రాస్తున్నాను. నాకు నంబర్లెవరివీ లేవు, స్థలం చాలా ఉంది.

ఆయన వచ్చి రెండు రోజులు. నాతో మాట్లాడలేదు.

13 ఫిబ్రవరి, మధ్యాహ్నం

భోజనం కాగానే పెట్టె తీయించాడు. వైర్లు తనే పెట్టాడు. రిమోటు నా ముందు చాప మీద పడేసి "ఆడు" అన్నాడు. పెళ్ళైన తర్వాత నాతో కలిసి చాప మీద కూర్చోవడం ఇదే మొదటిసారి. అత్తమ్మ వెనక కందుల చాట పట్టుకుంది.

ఆడాను. ఐదు నెలలు తాకకపోయినా వేళ్ళు మరిచిపోలేదు. మొదటి కోట దాటాను. రెండోది దాటాను. ఒక్క ప్రాణం పోలేదు. మూడోది దాటేటప్పుడు శభాష్ అంటాడేమోనని పక్కకు చూశాను. ఆయన తెర వైపు చూడడం లేదు. నా వేళ్ళ వైపు చూస్తున్నాడు. మొహం నల్లగా అయిపోయింది. "మస్తు నేర్పిండు" అన్నాడు మెల్లగా.

అప్పుడు అర్థమైంది. ఎంత బాగా ఆడితే అంత తప్పు చేసినదాన్ని. ఐదో కోటలో ఎడమకు తిరిగానంటే నేను ఝరాసంగం బస్సు ఎక్కినట్టే. ఆడలేకపోతే ఆట పూర్తి చేసింది బస్వరాజే అంటాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇక మిగిలింది ఒక్కటే దారి, అసలు ఎవరూ పూర్తి చేయలేదనడం.

నాలుగో కోటలో మనిషిని తీసుకెళ్ళి గొయ్యిలో పడేశాను. మళ్ళీ పడేశాను. మూడో ప్రాణం పడేసేటప్పుడు బొటనవేలు వినలేదు, దానంతట అదే ఎగరబోయింది. ఎడమ చేత్తో పట్టి ఆపాను.

"గింతే వస్తది నాకు. మీరు మెచ్చుకుంటరని అబద్ధం చెప్పిన. కోటల ఆట ఎవ్వరు పూర్తి చెయ్యలే. బస్వరాజన్న యాంటెన్నా తిప్పనీకి ఒక్కసారి వచ్చి పోయిండు" అన్నాను.

కాసేపు నన్నే చూశాడు. తర్వాత నవ్వాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. "నాతోనే కాలేదు, నీతోని అయితదా" అన్నాడు. నలభై రూకల చీర కొనిస్తే నవ్వినట్టు నేనూ నవ్వాను. ఆయన్ని ఇన్నాళ్ళూ కాల్చింది నా మీద అనుమానం ఒక్కటే అనుకున్నాను. ఐదో కోట తనకంటే ముందు ఇంకెవరో దాటారన్నది అంతకంటే ఎక్కువ కాల్చింది.

సాయంత్రం తనే వెళ్ళి బస్వరాజ్ అన్నను భుజం మీద చెయ్యేసి తీసుకొచ్చాడు. నేను ఆడిన అబద్ధం చెప్పుకుని ఇద్దరూ నవ్వారు. బస్వరాజ్ అన్న నవ్వు మధ్యలో ఆగింది. జులైలో ఆ తెర చూసిన మనిషి కదా. చాయ్ ఇచ్చేటప్పుడు నా మొహం వైపు ఒకసారి చూశాడు, గ్లాసు వైపు చూశాడు, తాగేశాడు. అత్తమ్మ కందుల్లోంచి తల ఎత్తలేదు.

నిజం తెలిసినవాళ్ళం ముగ్గురం. ముగ్గురికీ కాపురాలున్నాయి.

2 మార్చి

పొద్దుటి నుంచి చాప మీదే ఇద్దరూ. చాయ్ మూడుసార్లు. గ్లాసు కింద పెట్టినా చూడలేదు.

7 ఏప్రిల్

రేపు ప్రయాణం. సంచులు సర్దాను. ఆయన ఇంకా ఐదో కోటలోనే ఉన్నాడు, మంటలు ఎగురుతూ. నేను వెనక కూర్చుని కందులు ఏరుతున్నాను. ఎడమ గోడ గోడ కాదు.