ఇన్వర్టెడ్ కామాల మధ్య మాట

ఆర్మూర్,
12-3-1988.

చిరంజీవి గంగాకిషన్‌కు బాపు ఆశీస్సులు. మీ అవ్వ బాగుంది. నేనూ బాగున్నానని రాయడం రివాజు గనుక రాశాననుకో. నీ దగ్గు తగ్గిందా, బొంబాయిలో వేళకు తింటున్నావా అని మీ అవ్వ పదిసార్లు అడగమంది. ఇక్కడ ఊళ్లన్నీ పసుపు ఉడకబెట్టే పనిలో ఉన్నాయి. కొత్త పసుపు కొట్టించి పంపుతుందట. పాలలో వేసుకుని తాగు, పారెయ్యకు.

నీ మొదటి ప్రశ్నకు జవాబు. మన బజారు హోటల్ బోర్డు మీద ‘ఫ్రెష్’ అన్న ఒక్క మాటకే ఇన్వర్టెడ్ కామాలు ఎందుకని మీ ఆఫీసులో నవ్వారన్నావు. నవ్వనీ. పెయింటర్ అక్బర్‌ను పట్టుకుని అడిగాను. "ఒంటి మాట బోసిగ కొడ్తది సారు. ఇటు జంట, అటు జంట పెడ్తే నిండుగుంటది" అన్నాడు. అతనికి అది సింగారం. దానివల్ల ఎవరికీ నష్టం లేదు. చాయ్ మాత్రం పొద్దుటిదే.

ఇక నీ రెండో ప్రశ్న. మెండోర మనిషి ఒకడు దుబాయిలో కట్టడం మీద నుంచి పడి చనిపోయాడని, అతని భార్య వేలిముద్ర ఉన్న ఖాళీ కాగితం గల్ఫ్‌కు కూలీలను పంపే మీ ఆఫీసుకు వచ్చిందని రాశావు. శవాన్ని అక్కడే పూడ్చడానికి ఆమె ‘విల్లింగ్లీ’ ఒప్పుకుంటున్నదని దాని మీద టైపు చేయమన్నాడట మీ సేటు. "ఆమెకు తెల్వదని నాకు తెలుసు బాపూ. అందుకే నువ్వు నేర్పినట్టే గా ఒక్క మాటకు ఇన్వర్టెడ్ కామాలు పెట్టిన. ఇగ నా మీద పాపం లేదు గద?" అని అడిగావు.

ఉందిరా. నీ మీద ఉంది, నీకు నేర్పిన నా మీద ఇంకా ఎక్కువ ఉంది. సేటు మద్రాసు నుంచి ఇరవయ్యో తేదీన వచ్చేదాకా కాగితం నీ సొరుగులోనే ఉంటుందన్నావు. ఈ ఉత్తరం అందిన క్షణమే దాన్ని చింపెయ్యి. నౌకరీ పోతే పోనీ. ట్రంకాల్ బుక్ చేసి పోస్టాఫీసులో మూడు గంటలు కూర్చున్నాను, లైను కలవలేదు. అందుకే ఎక్స్‌ప్రెస్ డెలివరీలో పంపుతున్నాను.

ఎందుకింత కంగారో చెప్పాలి. ఐదేళ్లుగా మీ అవ్వకు కూడా చెప్పలేదు. మనది కాని మాటను ఆ గుర్తుల మధ్య పెట్టాలని నాకు టైపు నేర్పిన గురువు చెప్పాడు. నేను దాన్ని నాకు అనుకూలంగా మలుచుకున్నాను. అబద్ధమని తెలిసిన మాట టైపు చేయాల్సి వస్తే షిఫ్ట్ నొక్కి రెండు గుర్తులు కొట్టి, నా చేతులు కడుక్కున్నట్టు మురిసిపోయేవాణ్ణి. తెలివైన పని అనుకుని నీకూ నేర్పాను.

మోర్తాడ్ నీలవ్వ నీకు గుర్తుంది గదా, బీడీలు చేస్తుంది. ఆమె మొగుడు పోచన్న ఎనభై మూడులో మస్కట్‌లో చనిపోయాడు. అతన్ని పంపిన ఏజెంటు ఆమెను నా టైపు షాపుకు తీసుకొచ్చి, శవాన్ని ఇంటికి తెప్పించే కాగితమని చెప్పాడు. నాతో టైపు చేయించింది మాత్రం అక్కడే పూడ్చమని. నాకు వచ్చే పనిలో సగం ఆ ఏజెంటుదే. నోరు మూసుకున్నాను. ‘విల్లింగ్లీ’ అన్న మాటకు రెండు వైపులా గుర్తులు పెట్టాను. చదివే అధికారి అనుమానించి ఆపుతాడులే అనుకున్నాను. ఎవడూ ఆపలేదు. ఆమె వేలు పట్టుకుని నేనే ముద్ర వేయించాను.

శవం రాలేదు. రాలేదు గనుక మనిషి చావలేదని నీలవ్వ నమ్మింది. ఇప్పటికీ గాజులు తీయలేదు, బొట్టు తుడవలేదు. మూణ్ణెల్లకోసారి వచ్చి, మొగుడు ఎక్కడున్నాడో వెతికించమని ఢిల్లీకి దరఖాస్తు టైపు చేయించుకుంటుంది. నేను చేసిస్తాను. నన్ను ధర్మాత్ముడంటుంది, పచ్చి పసుపు కొమ్ములు తెచ్చిస్తుంది. ఆమె పోయాక మధ్యాహ్నం పూట షాపులో నేనొక్కణ్ణే ఉన్నప్పుడు, బెంచీ మీద పోచన్న కూర్చున్నట్టుంటుంది. పాస్‌పోర్టు ఫారం నింపించుకున్న రోజు కూర్చున్న చోటే. మిషన్ మీద గుడ్డ కప్పే ఉంటుంది, అయినా షిఫ్ట్ దిగిన చప్పుడు వినిపిస్తుంది. నాకు భయమేస్తుందిరా కిషన్. బయటికొచ్చి అక్బర్ దుకాణం ముందు నిలబడతాను.

నిన్న నీ ఉత్తరం వచ్చిన పొద్దే నీలవ్వ మళ్లీ దరఖాస్తుకు వచ్చింది. ఇక నావల్ల కాలేదు. పాత కార్బన్ కాపీ తీసి ఆమె ముందు పెట్టి అంతా చెప్పేశాను. ఆమె కాగితం మీద వేలు తిప్పుతూ అడిగింది.

"గింత కాయిదంల నా మాట యాడుంది సారు?"

"లేదు."

"గీ చీమలసొంటివి ఏంది?"

"నేను పెట్టినయి."

"నా కోసమా?"

"కాదు నీలవ్వా. నా కోసం."

తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఐదేండ్లు నా తోని ఆడుకున్నవ్ సారు" అంది. నేను తల దించుకుని, మెండోర సంగతి కూడా చెప్పాను. ఆమె లేచి చెప్పులు తొడుక్కుంది. "నా ఏడుపు నేను ఎన్కసీరి ఏడుస్త. ముందుగాల ఆమె దగ్గర్కి పోదాం, నడువు" అంది.

ఆ పూట బస్సు దొరక్క, ఇవాళ పొద్దున్నే ఎక్కి వెళ్లాం. నువ్వు రాసిన మొగుడి పేరు చెప్పి ఇల్లు పట్టుకున్నాం, ఆమె పేరు రాయలేదు నువ్వు. ఆమె పేరు శాంతవ్వ. నీకంటే చిన్నది. మమ్మల్ని చూసి ఎదురొచ్చింది. "నా పెనిమిటికి చుట్టీ దొరికిందా సారు? ఎప్పుడొస్తుండు?" అని నవ్వుతూ అడిగింది. మొగుడి సెలవు కోసమని చెప్పి వేలిముద్ర తీసుకున్నారట. అతను చచ్చిపోయిన సంగతే ఆమెకు ఎవరూ చెప్పలేదు.

నీలవ్వే ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. ఆ కేక విని వాడంతా వచ్చింది. నేను వాకిట్లోనే నిలబడ్డాను.

ఎండ ఎక్కాక శాంతవ్వ బయటికొచ్చి నా ముందు కూర్చుంది. శవాన్ని పంపమని దరఖాస్తు రాయడానికి వచ్చానని, ఏం రాయమంటే అది రాస్తానని చెప్పాను. శవమన్న మాట ఆమె నోట రాలేదు. బతికున్న మనిషిని వెంటబెట్టుకు రమ్మన్నట్టే, ఒక్క మాట అంది. నా ముప్పై ఏళ్ల టైపులో మొదటిసారి, ఎవరి మాట చుట్టూ ఆ గుర్తులు ఉండాలో వాళ్ల మాట చుట్టూనే పెట్టాను. ఒక కాపీ ఢిల్లీకి వెళ్లింది. ఒకటి దీనితో నీకు పంపుతున్నాను. తీసుకెళ్లి మీ సేటుకు చదివి వినిపించు.

"తోల్కరాండ్రి."

ఇట్లు,
నేర్పకూడనిది నేర్పిన నీ బాపు,
భూపతి.